ఇటలీలోని టస్కనీ ప్రాంతాన్ని జరిమానాలు లేకుండా చూసి రావడం ఎలా?

ముందుగా రోజులు పంచుకోవాలి. ఫ్లోరెన్స్‌కు మూడు, పీసా, లూకా రెండింటికీ కలిపి ఒకటి, సియెనాకు ఒకటి, వాల్ డోర్చా లోయలోని గుట్టల మధ్య రెండు. ఇంతకంటే తగ్గిస్తే అసలు వెళ్లకపోవడమే మేలు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ, అకాడమీ మ్యూజియాలకు సోమవారం సెలవు. అక్కడి కేథడ్రల్‌పై వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి 1436 నాటికి కట్టించిన గుమ్మటం ఎక్కడానికి సమయం ముందే బుక్ చేసుకోవాలి. మెట్లు 463, లిఫ్టు లేదు.

ఫ్లోరెన్స్, పీసా, లూకాలకు రైలు చాలు. స్టేషన్లో కొన్న కాగితపు ప్రాంతీయ టికెట్‌పై, రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకూడదు.

కారు అవసరమయ్యేది వాల్ డోర్చాకే. దాన్ని ఊరి నడిబొడ్డున కాకుండా, ట్రామెక్కి వెళ్లి ఫ్లోరెన్స్ విమానాశ్రయంలోనే తీసుకోవాలి. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా వెంట ఉండాలి.

ఇక అందరూ బోల్తా పడేది ఇక్కడే. పాత నగరాల లోపలి వీధుల్లో బయటి వాహనాలకు ప్రవేశం లేని ప్రాంతాలను ఇటలీలో జెడ్‌టీఎల్ అంటారు. ఎర్రటి అంచు ఉన్న తెల్లని గుండ్రటి బోర్డు, దాని పక్కనో పైనో ఒక కెమెరా, అంతే. ఆపేందుకు గేటుగానీ పోలీసుగానీ ఉండరు. ఆ పక్కనే వెలిగే పలకపై 'వార్కో అత్తీవో' అని కనిపిస్తే, ద్వారం తెరిచే ఉందనుకుని చాలామంది ధీమాగా లోపలికి వెళ్లిపోతారు. దాని అర్థం సరిగ్గా తలకిందులు: ద్వారం 'పనిచేస్తోంది', అంటే కెమెరా మీ నంబరు ప్లేటును ఫొటో తీస్తోంది. 'నోన్ అత్తీవో' అని ఉంటేనే వెళ్లవచ్చు.

ముందున్న కారు వెళ్లింది కదా అని వెనకాలే వెళ్లకూడదు, అది స్థానికుడిది కావచ్చు. ఫోనులో దారి చూపే యాప్‌నూ నమ్మకూడదు; దాన్ని నమ్మి ఒక సాయంత్రం బస కోసం రెండు ద్వారాలు దాటిన నాకు, ఇంటికి చేరిన నాలుగు నెలలకు రెండు వేర్వేరు జరిమానాలు వచ్చాయి, అద్దె సంస్థ తన రుసుము విడిగా వసూలు చేసుకుంది. లోపల బస తీసుకున్నవారు కారు నంబరును హోటల్‌కు ముందుగానే ఇచ్చి, నమోదు చేశామన్న మాట రాతపూర్వకంగా తీసుకోవాలి.

నా మటుకు పాత నగరపు గోడ బయటే కారు ఆపడం ఒక్కటే సరైన పద్ధతి. సియెనాలో శాంతా కాతెరీనా పార్కింగ్ నుంచి ఎస్కలేటర్లు కేథడ్రల్ దాపుకు చేరుస్తాయి. జూలై 2, ఆగస్టు 16 తేదీల్లో మాత్రం పాలియో గుర్రప్పందేలకు కాంపో మైదానం కిక్కిరిసిపోతుంది కనుక, పందెం చూడటానికి కాకపోతే ఆ రోజుల్లో అటు వెళ్లకూడదు. శాన్ జిమిన్యానో పట్టణానికి టూరిస్టు బస్సులు తిరుగుముఖం పట్టిన తర్వాత, సాయంత్రం చేరుకోవాలి; అక్కడ నేటికీ నిలిచి ఉన్న 14 రాతి బురుజులపై ఎండ పసుపు రంగు తిరిగేది అప్పుడే.