పక్కకు తిరిగిన టోరిక్ లెన్స్: నా అనుభవం

కళ్లద్దాలతో చార్టులో 6/6 వరుస (మామూలు చూపు) చదివే కాలేజీ అమ్మాయికి కుడి కంట్లో టోరిక్ లెన్స్ (కంటి వంపు అసమానంగా ఉండటం వల్ల వచ్చే మసకను కూడా దిద్దే కాంటాక్ట్ లెన్స్) పెడితే, దానికన్నా పెద్ద అక్షరాలుండే 6/9 వరుస కూడా మసకగా కనిపించింది. పవర్ సరైనదే: మైనస్ 3.00, సిలిండర్ (ఆ వంపు తేడాను దిద్దే పవర్) మైనస్ 1.75, యాక్సిస్ (ఆ సిలిండర్ నిలవాల్సిన కోణం) 180. ఇలాంటప్పుడు పవర్ మార్చేయాలనిపిస్తుంది. ముందు లెన్స్ ఎలా కూర్చుందో చూడటమే నా పద్ధతి.

పావుగంట ఆగి స్లిట్ ల్యాంప్ (సన్నని కాంతిరేఖ వేసి కంటిని పెద్దగా చూపే పరికరం) దగ్గర చూశాను. లెన్స్ నల్లగుడ్డును అన్ని వైపులా కప్పింది. రెప్ప కొట్టినప్పుడల్లా అర మిల్లీమీటరు లోపే కదులుతోంది. కింది రెప్ప మీదుగా వేలితో పైకి నెడితే సులువుగా జరిగి, వెంటనే తన చోటికి వచ్చేసింది. బిగుతూ లేదు, వదులూ లేదు.

తేడా లెన్స్ మీది గుర్తు దగ్గర దొరికింది. గడియారంలో ఆరు అంకె ఉండే చోట నిలవాల్సిన సన్నని గీత ఎడమకు ఒరిగింది. ఎడమ అంటే చూసేవారి ఎడమ, ఇది బాగా గుర్తుంచుకోవాలి. ఎన్నిసార్లు రెప్ప కొట్టించినా గీత అక్కడే ఉంది. ఈ నిలకడ లేకపోతే లెక్క వేసి లాభం లేదు. కాంతిరేఖను గీత వెంట తిప్పి కొలిస్తే 10 డిగ్రీలు. గీత ఎడమకు తిరిగితే ఆ డిగ్రీలను యాక్సిస్‌కు కలపాలి, కుడికి తిరిగితే తీసేయాలి. 180కి 10 కలిపితే 190; యాక్సిస్ 180 దాకానే లెక్కిస్తారు కాబట్టి, అంటే యాక్సిస్ 10. ఇంత చిన్న ఒరుగుకే సిలిండర్‌లో మూడో వంతు దిద్దకుండా మిగిలిపోతుంది. 30 డిగ్రీలైతే సిలిండర్ అంతా మిగిలినట్టే.

యాక్సిస్ 10తో కొత్త లెన్స్ తెప్పించాను. గీత మళ్లీ అదే ఎడమ వైపున ఆగింది; ఆ ఒరుగును ముందే లెక్కలో కలిపాను కాబట్టి ఆగాల్సిందీ అక్కడే. అమ్మాయి 6/6 వరుసను తడుముకోకుండా చదివింది.