కోత మిషన్ దిగే ముందు వరి మడి ఆరబెట్టడం ఎలా?

మా శ్రీకాకుళం జిల్లా వంశధార కాలవ కింద నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే ఇదే తంతు, మిషన్ వస్తాది, బురదలో కూరుకుపోద్ది, దాన్ని లాగడానికి ట్రాక్టర్ కోసం పరుగులు. తప్పు డ్రైవర్‌ది కాదు, మడి ఆరబెట్టనోళ్లది.

టైర్లకి బదులు చైన్ పట్టాల మీద నడిచే చైన్ మిషనే పిలవండి. టైర్ మిషన్ గంటకి తక్కువ పడుద్దని పిలుస్తారు, తర్వాత గోతులు పూడ్చుకుంటూ కూర్చుంటారు. టార్పాలిన్లు, గోనెలు, ట్రాక్టర్ ముందే మాట్లాడుకోండి, మిషన్ దిగేచోట గట్టు తవ్వి దారి పెట్టండి.

ఇప్పుడు అసలు పని. కోతకి 10 నుంచి 15 రోజుల ముందు నీళ్లు ఆపేయాలి. ఆపడమంటే మడవ (గట్టులో నీళ్లు పారే గండి) మూసేసి ఇంటికెళ్లిపోవడం కాదు బాబూ, మన దగ్గర నీళ్లు మడి నుంచి మడికే పారతాయి, మీరు మూసినా పై మడిలో నీళ్లుంటే గట్టు కింద నుంచి ఊట దిగుతూనే ఉంటాది. పై మడాయనతో ముందే మాట్లాడుకోండి, బావా మావా అని బతిమాలైనా సరే. గట్టు వెంబడి జానెడు లోతున చిన్న కాలవ తీసి ఆ ఊటని మురుగు కాలవలోకి పంపేయండి.

గట్టు మీద నిలబడి "ఆరిపోయిందిలే" అనకండి. పల్లపు మూలకి పోయి చెప్పుల్లేకుండా మడమతో గట్టిగా తొక్కండి, గుంటలో నీరు ఊరిందా, మిషన్‌కి ఫోన్ చెయ్యొద్దు. అచ్చు పడాలి, నీరు రాకూడదు, మట్టి కాలికి ముద్దలా అంటుకోకూడదు. ఆ ఒక్క మూల బాగుంటే మిగతా మడంతా బాగున్నట్టే.

వరి తర్వాత పంటకని కోతకి ముందే చేలో మినుము విత్తనాలు చల్లుకోడానికి పదును (నేలలో తడి) ఉండాలని కొందరు నీళ్లు ఉంచేస్తారు, అక్కడే వస్తాది చిక్కు. కోతకి రెండు మూడు రోజుల ముందు చల్లడం కొడవలి కోతకి సరిపోయింది, మిషన్‌కయితే ముందురోజు సాయంత్రం చల్లండి, మొలక లేచాక చైన్ కింద పడితే నలిగిపోద్ది. మడమ అచ్చు పడే తడి మినుముకి చాలు.

మంచు ఆరాకే కోత మొదలెట్టించండి, పొద్దున్నే తొందరపెట్టొద్దు. పడిపోయిన చేనయితే పడిన వైపుకి ఎదురుగా కోయించండి. మొదటి సాలు అవగానే మిషన్ ఆపించి వెనక రాలిన గడ్డి గుప్పెడు తీసి దులపండి, గింజలు రాలితే మిషన్ లోపలి ఫ్యాన్ గాలి తగ్గించమని డ్రైవర్‌కి చెప్పండి, మొహమాటం వద్దు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, అంచేత ధాన్యం కుప్ప పోసి వదిలేయకుండా ఆరోజే టార్పాలిన్ మీద పల్చగా నెరపండి.