సెన్సర్ నోడ్ సెల్స్ నెలన్నరకే అయిపోతున్నాయా? వాటిని తీసే ముందు గడియారం చూడండి

లక్షణం: ఒక వాహనం వారానికి రెండుసార్లు తిరుగుతూ నోడ్‌ల (సెల్స్‌తో నడిచే చిన్న సెన్సర్ పరికరాలు; వాహనం వచ్చే వేళకు మేలుకొని మిగతా సమయం నిద్రపోతాయి) దగ్గర డేటా సేకరించే నెట్‌వర్క్‌లో, ఏడాది నిలవాల్సిన సెల్స్ నెలన్నరలో ఖాళీ అవుతాయి. కొత్తవి వేయగానే నోడ్ చక్కగా పనిచేస్తుంది, మళ్లీ నెలన్నరకు ఆగిపోతుంది.

సెల్ నాసిరకమని తేల్చేయకండి. బల్ల మీద నిద్ర కరెంటు (నోడ్ నిద్రలో వాడే కరెంటు) కొలిస్తే కొన్ని మైక్రోయాంపియర్లే చూపిస్తుంది, అందరూ అక్కడితో ఆగుతారు. కానీ మీటర్ కలపడానికి సెల్ తీసినప్పుడే నోడ్ రీసెట్ అయి, తప్పు జాడ చెరిగిపోతుంది. ముందుగా చూడవలసింది నోడ్ గడియారం. ఆగిపోయిన నోడ్‌ను వదిలి, దాని పక్కన ఇంకా పనిచేస్తున్న నోడ్ దగ్గరికి, అది మేలుకొనే వేళకు వెళ్లి, చేతిలోని డేటా సేకరణ పరికరంతో రేడియో ద్వారానే సమయం అడిగి జీపీఎస్ సమయంతో పోల్చండి. కేబుల్ పెడితే కొన్ని బోర్డులు రీసెట్ అవుతాయి.

కారణం: నగర శివారులోని ఒక ప్రాంగణంలో నేను దీన్ని కనుక్కోవడానికి ఒక వేసవంతా పట్టింది. మే నెల మధ్యాహ్నం బండరాయి మీద బిగించిన పెట్టె మూత తీసి బోర్డును తాకితే వేలు చురుక్కుమంది. నోడ్‌లో కాలం లెక్కించే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర అత్యంత వేగంగా కొట్టుకుంటుంది. అక్కడి నుంచి ఎంత దూరం జరిగితే ఆ తేడా వర్గానికి తగ్గట్టు, డిగ్రీ వర్గానికి సుమారు పది లక్షల్లో 0.034 వంతు చొప్పున నెమ్మదిస్తుంది. పెట్టె లోపల రోజుకు ఎనిమిది గంటలు 60 డిగ్రీలు ఉంటే రోజుకు 1.2 సెకన్లు వెనకబడుతుంది. క్రిస్టల్ తయారీలోనే ఉండే పది లక్షల్లో 20 వంతుల తేడా కూడా అదే వైపు ఉంటే మరో 1.7 సెకన్లు చేరుతుంది. ఇలా నలభై రోజుల్లో దాదాపు రెండు నిమిషాలవుతుంది. మేము వాహనం వచ్చే వేళకు ముందు రెండు, తర్వాత రెండు నిమిషాలే కేటాయించాం కాబట్టి, కాస్త ముందే వచ్చిన వాహనం నోడ్ మేలుకొనే లోపే దాటిపోయింది.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. వాహనం కనబడకపోతే కనబడేదాకా వింటూ ఉండమని మా ఫర్మ్‌వేర్‌లో (నోడ్‌ను నడిపే ప్రోగ్రాంలో) రాసి ఉంది. నోడ్‌లోని సీసీ2420 రేడియో చిప్‌కు వినడానికి 18.8 మిల్లీయాంపియర్లు, పూర్తి శక్తితో పంపడానికి 17.4 మిల్లీయాంపియర్లు కావాలి, అంటే పంపడం కంటే వినడమే ఖరీదు. తర్వాతి రాక వరకు మూడున్నర రోజులు వింటే 1,580 మిల్లీయాంపియర్-గంటలు పోతాయి. 2,500 సామర్థ్యమున్న ఏఏ సెల్స్‌లో అది సగానికి మించిన భాగం. రెండోసారి తప్పిపోతే నోడ్ ఆగిపోతుంది. మొదటిసారి డేటా ఆలస్యంగానైనా అందుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, సెల్స్ మార్చి గడియారం సరిచేయగానే అంతా బాగైపోయినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: వాహనం తన ఉనికి తెలపడానికి పంపే ప్రతి బీకన్‌లో (చిన్న రేడియో సంకేతంలో) జీపీఎస్ సమయం చేర్చి, కలిసిన ప్రతిసారీ నోడ్ గడియారాన్ని సరిచేయాలి. వేచి ఉండే వ్యవధికి గట్టి పరిమితి పెట్టాలి. వాహనం తప్పిపోతే నోడ్ నిద్రలోకి పోయి, సెకనుకు 10 మిల్లీసెకన్లు మాత్రమే వినాలి. అప్పుడు సగటు వాడకం 0.19 మిల్లీయాంపియర్లకు దిగుతుంది. బీకన్ల మధ్య విరామం 10 మిల్లీసెకన్ల లోపే ఉండాలన్నది మరవకండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం 100 మీటర్ల పరిధిని 12 సెకన్లలో దాటుతుంది కాబట్టి నోడ్‌కు పదకొండుకు తక్కువ కాకుండా అవకాశాలు దొరుకుతాయి.

దారి పక్క నోడ్‌లు మాత్రమే ఆగిపోతుంటే, అవి ఇతర నోడ్‌ల డేటా కూడా మోస్తున్నాయని అర్థం. వాహనం దారి మార్చండి. వదులైన యాంటెనా, వానాకాలం తేమ కారణం కావడం అరుదు. వైఫై అంతరాయం అనిపిస్తే నోడ్ రేడియోను 26వ ఛానెల్‌కు మార్చి చూడండి.