ఓడ కళాసీల టాటూ: సూది గుచ్చక ముందు చూసుకోవాల్సినవి

సోంపేట, కవిటి వైపు ఓడల్లో పనికెళ్లే కుర్రాళ్లు ముంజేతికి పాలినేషియా (పసిఫిక్ సముద్రంలోని దీవులు) తరహా నల్లపట్టీలు అడుగుతుంటారు. 1769లో బ్రిటిష్ నావికుడు కుక్ ఓడ ఎండీవర్ అక్కడి తాహితీ దీవిలో ఆగినప్పుడు ఓడలోనివాళ్లు ఈ పచ్చబొట్టు పనిని దగ్గరగా చూశారు. ఎముక పళ్ల దువ్వెనను మసిసిరాలో ముంచి, చర్మానికి ఆనించి, కర్రతో తట్టేవారు. ఓడలోని చిత్రకారుడు పార్కిన్సన్ కూడా చేతిమీద వేయించుకున్నాడు. అంతకుముందు యూరప్‌లో పచ్చబొట్లే లేవనడం మాత్రం తప్పు. జెరూసలేం యాత్రికులకు ఉండేవి.

సూది ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతుకే దిగాలి. పైపైన పడితే రంగు నిలవదు. లోతు ఎక్కువైతే సిరా పాకి గీత అలుక్కుపోతుంది. నిండు నలుపు పట్టీల్లో ఒకేచోట పదేపదే పొడుస్తారు కాబట్టి పుండు పడే ప్రమాదం ఎక్కువ.

పైడితల్లి జాతరలో ఒకే సూదితో వరసగా వేసే బండి దగ్గర చెయ్యి చాపొద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అలాగే అంటుతాయి. సూది ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి, సిరా కొత్త చిన్న కప్పులో పొయ్యాలి. మిగిలిన సిరా సీసాలోకి తిరిగి పోస్తే లేచి వచ్చేయండి.

తర్వాత సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది ఆరబెట్టి, ఆయింట్‌మెంట్ పల్చగా రాయాలి. రెండు మూడు వారాలు సముద్రం, చెరువు స్నానం వద్దు. పెచ్చు గిల్లితే రంగూ ఊడుతుంది. ఎరుపు పాకినా, చీము, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే.

ఆర్మీ ర్యాలీకి తయారయ్యేవాళ్లు ముందే నిబంధనలు చూసుకోవాలి: భుజంమీది టాటూకి పక్కన పెట్టేస్తారు.