ఛార్జర్ తీయగానే వైఫై పోతోందా?

లాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపు నెట్ బాగానే వచ్చి, తీసిన కాసేపటికే వైఫై పోతుంటే, లేదా మూత మూసి తెరిచాక కనెక్ట్ కాకుండా మొండికేస్తుంటే, ముందు అదే వైఫైలో ఫోన్ పెట్టి చూడండి. ఫోన్‌లో బాగా వస్తోందంటే రౌటర్ తప్పు కాదు, తేడా లాప్‌టాప్‌లోనే ఉంది. మా తమ్ముడికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఇలాగే పోయింది, పాపం ఎంత టెన్షన్ పడ్డాడో!

బ్యాటరీ ఆదా చేయడానికి విండోస్ వైఫై అడాప్టర్‌ని, అంటే లాప్‌టాప్‌లో వైఫై అందుకునే భాగాన్ని, నిద్రపుచ్చుతుంది, అది కొన్నిసార్లు సరిగా లేవదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై లేదా వైర్‌లెస్ అని ఉన్న పేరు మీద డబుల్ క్లిక్ చేయండి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయవచ్చు అనే అర్థంతో ఒక టిక్ ఉంటుంది, అది తీసేసి ఓకే కొట్టండి. అంతే.

కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ ఉంటే, ఆన్ బ్యాటరీ దగ్గర మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. అదీ లేకపోతే లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ (అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్తది వేసుకోండి. ఈ సెట్టింగ్స్ మారిస్తే బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, నా లెక్కలో అది పెద్ద నష్టం కాదు. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఆ టిక్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు, ఒకసారి చూసుకోండి.