అమెరికా క్యాంపస్‌కు కొత్తగా వచ్చారా? దాచుకోకండి, ముందే అడగండి

బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్, అపార్ట్‌మెంట్ లీజు గురించి చెప్పేవాళ్లు మీకు బోలెడు మంది ఉంటారు. వాటి జోలికి నేను వెళ్లను. పోయిన ఫాల్ సెమిస్టర్‌లో మా డిపార్ట్‌మెంట్‌కు వచ్చిన ఒక తమ్ముడి పరిస్థితి చూశాక, ఇబ్బంది ఏదున్నా యూనివర్సిటీ సాయం ముందే అడగండని ఇది రాయక తప్పలేదు.

అతనికి ఒక చెవి సరిగా వినపడదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్ద హాల్లో వెనక వరుసలో కూర్చునేవాడు. ప్రొఫెసర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే సగం అందేది కాదు. పక్కవాళ్లను నోట్స్ అడగాలంటే మొహమాటం. మిడ్‌టర్మ్ పోయింది. ఒక రాత్రి పోర్టల్‌లోకి వెళ్లి, ఎవరినీ అడక్కుండా ఆ కోర్సు డ్రాప్ చేసేశాడు. చేతిలో ఆరు క్రెడిట్లు మిగిలాయి. మా దగ్గర మాస్టర్స్ చదివే విదేశీ విద్యార్థికి సెమిస్టర్‌కు తొమ్మిది ఉండాలి. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ డేటాబేస్) రికార్డు టర్మినేట్ అయింది. ఇప్పుడు ఐ-539 అనే ఇమిగ్రేషన్ దరఖాస్తు వేసి రీఇన్‌స్టేట్‌మెంట్ కోసం, అంటే పోయిన స్టూడెంట్ స్టేటస్ తిరిగి రావడం కోసం, ఎదురుచూస్తున్నాడు. అది తేలేదాకా క్యాంపస్‌లో పని కూడా చేయకూడదు.

"చెవి సంగతి ఆఫీసులో ఎందుకు చెప్పలేదురా?" అంటే, "చెబితే వీసాకు ప్రాబ్లమ్ అవుతుందన్నారన్నా" అన్నాడు. ఎవరన్నారు? రూమ్మేట్లు. వాళ్లకెవరు చెప్పారు? వాళ్ల సీనియర్లు. ఇలా ఏటా ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌కు ఈ భయాన్ని అంటిస్తూ పోతోంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కాబట్టి సూటిగా చెబుతున్నాను. అమెరికాలో 1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలో సెక్షన్ 504 ఉంది, వికలాంగులపై వివక్ష కూడదనే 1990 నాటి ఏడీఏ చట్టం ఉంది. వినికిడి, చూపు, మూర్ఛ, డయాబెటిస్, డిస్‌లెక్సియా, డిప్రెషన్, ఇలా చదువుకు బాగా అడ్డొచ్చే వైకల్యం గానీ ఆరోగ్య సమస్య గానీ ఉంటే, తగిన సర్దుబాటు చేయాల్సిన బాధ్యతను ఆ చట్టాలు యూనివర్సిటీ మీద పెట్టాయి. సిటిజన్లకు మాత్రమే అన్న షరతు ఎక్కడా లేదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన మీకూ అదే హక్కు. ఈ సర్దుబాట్లు చూసే ఆఫీసును కొన్నిచోట్ల డిసెబిలిటీ సర్వీసెస్ అంటారు, కొన్నిచోట్ల యాక్సెసిబిలిటీ ఆఫీస్ అంటారు. ఫారం నింపి, డాక్టర్ ఇచ్చిన కాగితాలు జతచేసి, ఒకసారి కూర్చుని మాట్లాడాలి. డాక్టర్ లెటర్లో జబ్బు పేరొక్కటే ఉంటే చాలదు. దానివల్ల క్లాసులో, పరీక్షలో మీకేం ఇబ్బందో కూడా రాసుండాలి. బయల్దేరేముందే అది ఇంగ్లీషులో రాయించుకుని తెచ్చుకోండి.

తర్వాత ప్రొఫెసర్‌కు వెళ్లేది ఒక చిన్న లెటర్. ముందు వరుసలో సీటు, వీడియోలకు క్యాప్షన్లు, లెక్చర్ రికార్డు చేసుకునే అనుమతి, పరీక్షలో అదనపు సమయం, వీటిలో మీకు ఏవి అవసరమో అవే అందులో ఉంటాయి. జబ్బు పేరు మీరు చెబితే తప్ప ప్రొఫెసర్‌కు తెలియదు. ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆ ఊసే ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఇవి మంజూరైన రోజు నుంచే వర్తిస్తాయి. పోయిన మిడ్‌టర్మ్‌ను వెనక్కి తీసుకురావు. అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే వెళ్లమని గొంతు చించుకుంటున్నాను.

ఇక డ్రాప్ సంగతి. కోర్సు డ్రాప్ చేసే బటన్ నొక్కేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌వోని (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు చూసే అధికారిని) కలవాలి. తర్వాత కాదు, ముందు. ఆరోగ్యం బాగాలేక తక్కువ కోర్సులు తీసుకోవాల్సి వస్తే రిడ్యూస్డ్ కోర్స్ లోడ్ అనే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. లైసెన్స్ ఉన్న డాక్టర్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ రాసిస్తే, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల దాకా ఇస్తారు. కొత్తల్లో ఇంగ్లీషు అందకపోయినా, ఇక్కడి బోధన పద్ధతి అలవాటు కాకపోయినా కూడా ఒక టర్మ్‌కు లోడ్ తగ్గించొచ్చు. అప్పుడు కనీసం సగం లోడ్ ఉండాలి, తర్వాతి టర్మ్‌లో మళ్లీ ఫుల్ లోడ్‌కు రావాలి. నేను చెప్పిన ఆ తమ్ముడికి ఈ దారి ఉండేది. బటన్ నొక్కేముందు పది నిమిషాలు మాట్లాడి ఉంటే ఈరోజు క్లాసులో ఉండేవాడు.

"డైవర్సిటీ ఆఫీసులన్నీ ఎత్తేశారట కదా, ఇంకెవరున్నారు?" అని, రకరకాల నేపథ్యాల విద్యార్థులకు అండగా ఉండే ఆఫీసుల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నిజమే, కొన్ని రాష్ట్రాల్లో ఎత్తేశారు. టెక్సాస్‌లో ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆ ఆఫీసులు మూతపడ్డాయి. కానీ స్టూడెంట్ సంఘాలకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. డిసెబిలిటీ సాయం రాష్ట్రం దయమీద నడిచేది కాదు, దానికి ఫెడరల్ చట్టాలున్నాయి. జాతి, రంగు, పుట్టిన దేశం పేరుతో వివక్ష చూపకూడదనే 1964 నాటి టైటిల్ సిక్స్, ఆడ మగ తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ కూడా ఫెడరల్ చట్టాలే. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన మీ హక్కు ఎక్కడికీ పోదు.

టైటిల్ నైన్ గురించి అమ్మాయిలకు ఒక మాట. ఎవరైనా వేధిస్తే ముందు ఎవరికి చెబుతున్నారో చూసుకోండి. చాలా యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు, టీఏలు (బోధనలో వాళ్లకు సాయం చేసే విద్యార్థులు) కూడా, విన్న విషయాన్ని యూనివర్సిటీకి రిపోర్ట్ చేసి తీరాలి. రహస్యంగా ఉంచగలిగేది కౌన్సెలింగ్ సెంటర్‌లో కౌన్సెలర్లు. ఫిర్యాదు చేయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తుంటే ముందు అక్కడికి వెళ్లండి.

మన గుంపు గురించి కూడా చెప్పాలి. బయటివాళ్లు మనల్ని కలుపుకోవడం లేదని బాధపడతాం. మన ఫ్లాట్‌కు కొత్తవాడు వస్తే ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి వాడి కులం తేల్చేదాకా వదలం. ఎవరితో రూమ్ పంచుకోవాలో దాన్నిబట్టి నిర్ణయించేవాళ్లున్నారు. ఇది నాకు ఎంత మాత్రం సహించని విషయం. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లోనే కులాన్ని వివక్ష నిషేధ విధానంలో చేర్చింది. 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అప్పటికి ఉన్న తన 23 క్యాంపస్‌లకూ చేర్చింది. అక్కడ ఆ ప్రశ్నతో ఎవరినైనా పక్కన పెడితే ఫిర్యాదుకు దారి ఉంది. అలాంటి ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిన అవసరం లేదు.

నా మొదటి నెలలు కూడా బాగా గడవలేదు. గ్రూప్ ప్రాజెక్ట్ మీటింగుల్లో నేను వాక్యం కూర్చుకుని నోరు తెరిచేసరికి వాళ్లు ఇంకో టాపిక్‌కు వెళ్లిపోయేవారు. నా పని భాగం కూడా వాళ్లే పంచేసేవారు. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. చివరికి ఆఫీస్ అవర్స్‌లో, అంటే విద్యార్థులను కలవడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయంలో, ఆవిడతో చెప్పుకున్నాను. ఆవిడ గ్రూపులన్నిటికీ ఒక రూల్ పెట్టారు: ఏం మాట్లాడాలో ముందురోజే అందరూ ఒక డాక్యుమెంట్‌లో రాయాలి. రాతలో నేను వెనకబడలేదు. తర్వాతి మీటింగ్‌లో వాళ్లే నా పేరా చదివి నన్ను ప్రశ్నలు అడిగారు. మీకూ ఇదే ఇబ్బంది ఉంటే ఇదే అడగండి, చాలామంది ప్రొఫెసర్లు కాదనరు.

ఇంతా చదివి టెన్షన్ పడేవాళ్లుంటారని తెలుసు. పడొద్దు. ఈ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు ఇది రోజూ చూసే పనే, మీ ఇంగ్లీషు తడబడినా ఓపిగ్గా వింటారు. నేను చూసినంతలో, ముందుగా వెళ్లి అడిగినవాళ్లలో ఒక్కరు కూడా నష్టపోలేదు. మొదటి మెయిల్ రెండు వాక్యాలు చాలు: మీరు కొత్త స్టూడెంట్, అకామడేషన్ (ఇక్కడ ఇల్లు కాదు, చదువుకు కావాల్సిన సర్దుబాటు) గురించి మాట్లాడటానికి అపాయింట్‌మెంట్ కావాలి. అందులో జబ్బు పేరు రాయక్కర్లేదు. వారంలోగా జవాబు రాకపోతే ఐడీ కార్డు పట్టుకుని నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లడం ఇబ్బందనిపిస్తే ఎవరైనా సీనియర్‌ని తోడు రమ్మనండి, మేం వస్తాం.