అమెరికాలో జీఎంఆర్‌ఎస్ రేడియో: లైసెన్సు నుంచి రిపీటర్ వరకు

నాలుగైదు కుటుంబాలు వేర్వేరు కార్లలో యోసెమిటీకో బిగ్ బెండ్‌కో బయలుదేరినప్పుడు, సెల్ సిగ్నల్ పోయిన దగ్గర నుంచి ఎవరు ముందున్నారో, ఎవరు పెట్రోలు బంకు దగ్గర ఆగిపోయారో తెలియక తికమక పడటం అమెరికాలోని తెలుగువారిలో చాలామందికి తెలిసిన విషయమే. తుఫాను వేళల్లో ఈ ఇబ్బంది ఇళ్ల దాకా వస్తుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు పశ్చిమ నార్త్ కరోలినాలో ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. టవరుతోనూ నెలవారీ బిల్లుతోనూ పని లేకుండా, ఒక రేడియో నుంచి మరో రేడియోకు నేరుగా మాట్లాడుకునే మార్గాల్లో కొత్తవారికి అనువైనది జనరల్ మొబైల్ రేడియో సర్వీస్, అంటే జీఎంఆర్‌ఎస్. హామ్ (ఔత్సాహిక) రేడియోకు రాయవలసినట్టు దీనికి పరీక్ష ఏదీ రాయనక్కరలేదు.

ఇది అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల్లోని 95వ భాగం కింద నడిచే సేవ. 462, 467 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దీనికి 30 ఛానెళ్లు ఉన్నాయి. వాటిలో 22 ఛానెళ్లను ఎఫ్‌ఆర్‌ఎస్ అనే మరో సేవ కూడా పంచుకుంటుంది. మిగిలిన ఎనిమిది రిపీటర్లకు, అంటే అందిన మాటను ఎత్తయిన చోటి నుంచి తిరిగి పంపే యంత్రాలకు, మాటను పంపడానికి ఉద్దేశించినవి. దుకాణాల్లో జంటగా అమ్మే చవక వాకీటాకీలలో ఎక్కువ భాగం ఎఫ్‌ఆర్‌ఎస్ రేడియోలే. వాటికి లైసెన్సు అక్కరలేదు, కానీ శక్తి 2 వాట్లకు మించకూడదు, యాంటెనాను విప్పి మార్చుకునే వీలు ఉండదు, రిపీటర్‌ను వాడుకునే వీలు అసలే ఉండదు. జీఎంఆర్‌ఎస్‌లో ముఖ్యమైన ఛానెళ్ల మీద 50 వాట్ల దాకా వాడవచ్చు, కారు పైకప్పు మీదో ఇంటి మీదో యాంటెనా పెట్టుకోవచ్చు. పిల్లలు క్యాంప్‌సైటు చుట్టూ తిరుగుతూ మాట్లాడుకోవడమే మీకు కావలసినదైతే ఎఫ్‌ఆర్‌ఎస్‌తో ఆగిపోవడం మంచిది. అంత మాత్రానికి లైసెన్సు తీసుకోనక్కరలేదు.

లైసెన్సు తీసుకోవడం

దరఖాస్తు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 35 డాలర్లు. అంతకు ముందు 70 డాలర్లు ఉండేది. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. 18 ఏళ్లు నిండి, విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాని ఏ వ్యక్తి అయినా దరఖాస్తు చేయవచ్చు. పౌరసత్వం ఉండాలన్న షరతు లేదు కాబట్టి హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికీ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారికీ అడ్డేమీ లేదు.

పని అంతా ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోనే జరుగుతుంది. ముందుగా కోర్స్ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ఖాతా తెరిచి ఎఫ్‌ఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. తరువాత అదే సంఖ్యతో యూఎల్‌ఎస్ అనే లైసెన్సు వ్యవస్థలోకి వెళ్లి కొత్త లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టాలి. అక్కడ కనిపించే సేవల జాబితా చాలా పొడవుగా ఉంటుంది, పైగా అక్షర క్రమంలో వెతికితే దొరకదు. జాబితా చివరి వైపు ‘జెడ్ఏ’ అనే సంకేతంతో జీఎంఆర్‌ఎస్ ఉంటుంది. గంభీరమైన నేరంలో శిక్ష పడిందా అన్న ప్రశ్నకు జవాబిచ్చి, ఎలక్ట్రానిక్ సంతకం చేసి, పది రోజుల లోపు డబ్బు కట్టాలి. సాధారణంగా కొద్ది రోజుల్లోనే నాలుగు అక్షరాలు, మూడు అంకెలు గల కాల్ సైన్ వస్తుంది. లైసెన్సుదారు పేరూ చిరునామా ఎఫ్‌సీసీ డేటాబేస్‌లో ఎవరికైనా కనిపిస్తాయి కాబట్టి, ఇంటి చిరునామా బయటపడటం ఇష్టం లేనివారు పోస్టాఫీసు బాక్సు చిరునామా ఇచ్చుకోవచ్చు.

ఈ లైసెన్సులో మనవాళ్లకు బాగా కలిసొచ్చే అంశం ఏమిటంటే, ఒక్కరు తీసుకుంటే కుటుంబమంతటికీ సరిపోతుంది. కుటుంబం అన్నప్పుడు భార్యాభర్తలూ పిల్లలే కాదు. తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మనవలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయిలు, పిన్నులు, మామయ్యలు, అత్తయ్యలు, వారితో పాటు అత్తవారి వైపు బంధువులు కూడా నిబంధనలోకి వస్తారు. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు సైతం మీ కాల్ సైన్ మీదనే మాట్లాడవచ్చు. స్నేహితులకు మాత్రం ఇది వర్తించదు. నాలుగు కుటుంబాలు కలిసి వెళుతుంటే నాలుగు లైసెన్సులు ఉండాలి, లేదా లైసెన్సు లేనివారు ఎఫ్‌ఆర్‌ఎస్ రేడియోలు పట్టుకోవాలి. 22 ఉమ్మడి ఛానెళ్లలో ఆ రెండు రకాల రేడియోలూ ఒకదానితో ఒకటి నిరభ్యంతరంగా మాట్లాడుకోగలవు.

వాట్ల కంటే ఎత్తు ముఖ్యం

ప్యాకెట్ మీద రాసిన 30, 35 మైళ్ల దూరాలు ఒక కొండ కొస నుంచి ఇంకో కొండ కొసకు, మధ్యలో అడ్డేమీ లేనప్పుడు మాత్రమే సాధ్యమవుతాయి. ఈ ఫ్రీక్వెన్సీలలో తరంగాలు దాదాపు చూపు సాగే దారిలోనే పోతాయి. యాంటెనా ఎత్తును అడుగుల్లో తీసుకుని దాన్ని రెట్టింపు చేసి వర్గమూలం కడితే రేడియో దిగంతం సుమారుగా మైళ్లలో వస్తుంది: నిలబడి చేత్తో పట్టుకున్న రేడియో అయిదు అడుగుల ఎత్తున ఉంటే అది మూడు మైళ్లు, అవతలి వ్యక్తికి మరో మూడు మైళ్లు కలుపుకుంటే, చదునైన నీటి మీద సైతం ఆరు మైళ్లు దాటడం కష్టం. ఇళ్లూ చెట్లూ ఉన్న కాలనీలో అదే రేడియో ఒకటి రెండు మైళ్లు పలికితే బాగా పలికినట్టే లెక్క. అదే యాంటెనా వంద అడుగుల ఎత్తున ఉంటే దాని దిగంతం ఒక్కసారిగా పద్నాలుగు మైళ్లవుతుంది. ఎత్తు పెంచకుండా 5 వాట్లను 50 వాట్లు చేసినంత మాత్రాన కొండ వెనుక ఉన్నవారికి మీ మాట చేరదు. కనుక కొత్తవారు డబ్బు పెట్టవలసింది యాంటెనాకు, అది నిలిచే చోటుకు. శక్తివంతమైన రేడియో సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.

మొదటి కొనుగోలుగా రెండు 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్ రేడియోలు తీసుకోవడం నా దృష్టిలో సరైన ఆరంభం. కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఆ మోడల్‌కు 95వ భాగంలోని ‘ఇ’ ఉపవిభాగం కింద ఎఫ్‌సీసీ ధ్రువీకరణ ఉండాలి; హామ్ ప్రియుల్లో చవకగా పేరు తెచ్చుకున్న బావోఫెంగ్ యూవీ-5ఆర్‌కు ఆ ధ్రువీకరణ లేదు, అదే కంపెనీ జీఎంఆర్‌ఎస్ కోసమే చేసిన మోడళ్లు వేరే ఉన్నాయి. రెండవది, రిపీటర్ ఛానెళ్లు ఉన్నాయా అన్నది. లైసెన్సు అవసరమైన రేడియోలలో కూడా జంట ప్యాకెట్లలో వచ్చే కొన్నింటికి ఆ సదుపాయం ఉండదు, కొన్న తరువాత చేర్చుకునే దారీ ఉండదు.

తరచూ ప్రయాణాలు చేసేవారికి నిజమైన మెరుగు కారులో బిగించే మొబైల్ రేడియోతోనే వస్తుంది. కారు ఇనుప చట్రం లోపల కూర్చుని హ్యాండ్‌హెల్డ్‌తో మాట్లాడితే తరంగాల్లో చాలా భాగం ఆ చట్రం దగ్గరే ఆగిపోతుంది. పైకప్పు మధ్యలో అయస్కాంతంతో అంటుకునే ఆరు అంగుళాల పావు తరంగ (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవు గల) యాంటెనా పెట్టి, మిడ్‌ల్యాండ్ ఎంఎక్స్‌టీ 275 వంటి 15 వాట్ల రేడియోను సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలిస్తే, మామూలు కుటుంబ ప్రయాణాలకు అంతకు మించి అవసరం పడదు. 50 వాట్ల రేడియోలు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్ల వరకు లాగుతాయి. వాటికి సాకెట్ చాలదు, ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచే తీగ లాగాలి.

ఇంటి మీద యాంటెనా పెట్టేవారు కేబుల్ దగ్గర పిసినారితనం చూపకూడదు. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 50 అడుగులు లాగితే ఈ ఫ్రీక్వెన్సీ వద్ద సగానికి పైగా శక్తి దారిలోనే ఆవిరైపోతుంది. లావుపాటి ఎల్‌ఎంఆర్-400 కేబుల్ అయితే పోయేది సుమారు పావు వంతు. పిడుగు రక్షణకు ఎర్తింగ్ తప్పనిసరి, యాంటెనా స్తంభం విరిగి పడినా కరెంటు తీగలకు తగలనంత దూరంలో ఉండాలి. ఇళ్ల సంఘాల నిబంధనలు కూడా ముందే చూసుకోవాలి. డల్లాస్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో పెరట్లో చిన్న గది కట్టాలన్నా అనుమతి అడగాల్సి వస్తుందన్న సంగతి అక్కడున్నవారికి చెప్పనక్కరలేదు.

ఛానెళ్లు, టోన్లు, మాట తీరు

ఛానెళ్లన్నీ సమానం కావు. 1 నుంచి 7 వరకు 5 వాట్లు, 15 నుంచి 22 వరకు 50 వాట్ల దాకా అనుమతి ఉంది. 8 నుంచి 14 వరకు అర వాటు మాత్రమే, అదీ హ్యాండ్‌హెల్డ్‌లకే పరిమితం. రేడియో తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది కాబట్టి, ఖరీదైన రేడియో ఎందుకు వినిపించడం లేదో తెలియక కొత్తవారు తల పట్టుకునేది ఈ ఛానెళ్లలోనే. ప్రయాణానికి 15 నుంచి 22 మధ్య ఒకటి ఎంచుకోవడం మేలు. కెనడా సరిహద్దుకు దగ్గరగా ‘లైన్ ఏ’ అనే గీతకు ఉత్తరాన ఉన్నవారు, అంటే సియాటెల్, డెట్రాయిట్, బఫలో ప్రాంతాలవారు, 19, 21 ఛానెళ్లను, వాటి రిపీటర్ జతలను వాడకూడదు.

చాలా రేడియోల పెట్టెల మీద ‘ప్రైవసీ కోడ్’ అని రాసి ఉంటుంది. ఆ పేరు చూసి మోసపోవద్దు. అవి మీ మాటలను దాచవు. మీరు ఎంచుకున్న టోన్, అంటే మాటతో పాటు రేడియో పంపే సన్నని ధ్వని, లేని ఇతరుల మాటలు మీకు వినపడకుండా చేయడమే వాటి పని. టోన్ పెట్టని వారందరూ మీ సంభాషణను స్పష్టంగా వినగలరు, మీరు మాత్రం వారు మాట్లాడుతున్నారని తెలియక వారి మీద మాట్లాడేస్తారు. అందుకే మొదటి రోజుల్లో వినే వైపు టోన్ తీసివేసి ఛానెల్‌ను వింటూ అలవాటు పడటం మంచిది. బ్యాంకు వివరాలు, ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి వంటివి రేడియోలో చెప్పకూడదు.

మాట్లాడే ముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో వినాలి. బటన్ నొక్కిన వెంటనే మాట మొదలుపెడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. అర క్షణం ఆగి, మైకును నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టుకుని, మామూలు గొంతుతో చెప్పాలి. గట్టిగా అరిస్తే మాట ముద్దముద్దగా వినిపిస్తుంది. సంభాషణ చివర ఒకసారి, సంభాషణ సాగుతుంటే ప్రతి 15 నిమిషాలకు ఒకసారి కాల్ సైన్ చెప్పాలి. కాల్ సైన్‌ను ఇంగ్లీషులో గానీ మోర్స్ సంకేతాల్లో గానీ పలకాలన్నదే నిబంధన. మిగతా మాటలన్నీ తెలుగులో సాగించవచ్చు. పాటలు పెట్టడం, సరుకు అమ్మకాల ప్రకటనలు చేయడం, అర్థం దాచిన రహస్య సంకేతాలతో మాట్లాడటం నిషిద్ధం. హామ్ రేడియో వారితో జీఎంఆర్‌ఎస్ మీద మాట్లాడటానికీ వీలు లేదు.

కార్ల వరుసలో వెళ్లేటప్పుడు బయలుదేరక ముందే ప్రధాన ఛానెల్, అది రద్దీగా ఉంటే మారవలసిన రెండో ఛానెల్, మాట తెగిపోతే తిరిగి కలుసుకునే చోటు కాగితం మీద రాసి ప్రతి కారులో ఉంచాలి. ఫోనులో రాసుకుంటే ఫోను పోయినప్పుడు ఆ రాత కూడా పోతుంది. ముందు కారులోనూ చివరి కారులోనూ మొబైల్ రేడియోలు ఉంటే మధ్యవారికి హ్యాండ్‌హెల్డ్‌లు చాలు. రేడియోను డ్రైవరు కాక పక్కన కూర్చున్నవారు చూసుకోవడం ఉత్తమం.

రిపీటర్ వాడటం

రిపీటర్ ఎత్తయిన చోట నిలిచి, 467 మెగాహెర్ట్జ్‌లో వచ్చిన మాటను అదే క్షణంలో 5 మెగాహెర్ట్జ్ కింద, అంటే 462 మెగాహెర్ట్జ్‌లో, ఎక్కువ శక్తితో తిరిగి పంపుతుంది. అది బాగా ఎత్తున ఉంటే చేతిలోని 5 వాట్ల రేడియోతోనే ఇరవై ముప్పై మైళ్ల అవతలి వారితో మాట్లాడవచ్చు. ఇవి ఎక్కువగా వ్యక్తులూ క్లబ్బులూ సొంత డబ్బుతో నడిపేవి కాబట్టి వాడే ముందు యజమాని అనుమతి తీసుకోవాలి. మైజీఎంఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతపు రిపీటర్ల జాబితా, ఫ్రీక్వెన్సీ, అనుమతి అడిగే మార్గం దొరుకుతాయి, టోన్ వివరాలు కొన్నింటికి అనుమతి వచ్చాకే తెలుస్తాయి.

రిపీటర్ మీకు వినిపిస్తున్నా మీ మాట దానికి చేరడం లేదంటే ముందు చూడవలసినది ఛానెల్. 20వ ఛానెల్ వేరు, 20వ రిపీటర్ ఛానెల్ వేరు. రెండింటిలోనూ వినే ఫ్రీక్వెన్సీ ఒకటే అయినా పంపే ఫ్రీక్వెన్సీ వేరు. తరువాత రిపీటర్ అడిగే టోన్‌ను పంపే వైపు పెట్టారో లేదో సరిచూసుకోవాలి. రెండూ సరిగా ఉంటే, బటన్ నొక్కి కాల్ సైన్ చెప్పి వదిలాక రిపీటర్ ‘తోక’, అంటే మాట ఆగాక కూడా అది పంపే ధ్వని, ఒక క్షణం వినిపిస్తుంది. చేతిలో రెండు రేడియోలు పక్కపక్కనే పెట్టుకుని, ఒకదానిలో మాట్లాడుతూ మరోదానిలో రిపీటర్‌ను వినాలని చూడకండి. పక్క రేడియో ఉధృతికి రెండోది చెవిటిదైపోతుంది, మీ అమరిక సరిగానే ఉన్నా తప్పుగా ఉందనిపిస్తుంది. ఇంకొకరిని దూరంగా నిలబెట్టి పరీక్షించాలి, లేదా రిపీటర్ మీద ఎవరైనా వింటున్నారా అని కాల్ సైన్‌తో అడగాలి. సాయంత్రం వేళ సాధారణంగా ఎవరో ఒకరు జవాబిస్తారు; రేడియో మనుషులకు కొత్తవారికి నేర్పడం మహా ఇష్టం.

ఈ రేడియోలను సెలవుల్లో ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఎఫ్‌సీసీ లైసెన్సు అక్కడ చెల్లదు. ఇండియాలో చిన్న వాకీటాకీలకు లైసెన్సు మినహాయింపు ఉన్నది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు, తక్కువ శక్తితో మాత్రమే; జీఎంఆర్‌ఎస్ ఫ్రీక్వెన్సీలు అందులోకి రావు.